మొదటి రోజే బోర్ల పడ్డ పిల్ల

నా గడియారం ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుంటుంది. చెడిపోయి కాదు, నేనే అట్లా పెట్టుకున్నాను. బడిలో లెక్కలు చెప్పేదాన్ని. బెల్లు కొట్టాక తాపీగా తరగతిలోకి నడిచివచ్చే మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మనిషి నేనే అయితే ఇంకా ఎక్కువ మండుతుంది. మా అమ్మకు ఈ గడియారమంటే గిట్టదు. "నిదానమే ప్రధానం" అని ఆమె, "ఆలస్యం అమృతం విషం" అని నేను, కోస్గిలోని మా ఇంట్లో ఈ రెండు సామెతలూ ఏళ్ల తరబడి కొట్లాడుకుంటూనే ఉన్నాయి. ఒకే ఒక్కసారి, రెండు రోజుల పాటు, ఆ కొట్లాట మీద ఒక పసిపిల్ల ప్రాణమూ కాళ్లూ ఆధారపడ్డాయి.

తెలంగాణ వచ్చి నాలుగైదేళ్లయి ఉంటుంది. నా చెల్లెలు తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఆమె కాపురం చౌటుప్పల్‌లో. భర్తకు అక్కడే మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. మా మరిది చాలా మంచివాడు. ఎంత మంచివాడంటే, అత్తగారు మూడోసారి అన్నం వడ్డిస్తున్నా వద్దనలేక తినేసి, తరువాత పెరట్లో పొట్ట పట్టుకుని అటూ ఇటూ తిరిగే రకం. పెళ్లయిన రెండేళ్లలో మా అమ్మ మాటకు ఎదురు చెప్పిన పాపాన పోలేదు. ఆ మంచితనమే ఒక సాయంత్రం మా కొంప ముంచబోయింది. అది తరువాతి సంగతి.

నొప్పులు మొదలు కాగానే మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. బిడ్డ అడ్డం తిరిగిందని కోసి తీశారు. లోపల్నుంచి ఏడుపు వినబడగానే మా అమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట, దేవుడా అని కాదు, ఆడపిల్లా మగపిల్లాడా అని కాదు.

"టైం రాసుకో."

నక్షత్రం చూపించాలి కదా, అందుకు. నా దగ్గర పెన్ను ఉంది, కాగితం లేదు. అరచేతిలో రాసుకున్నాను. పొద్దున ఆరూ పదిహేను.

"నీ గడియారంలనా?" అంది అమ్మ. "ఐదు నిమిషాలు తీసెయ్యి. నిన్ను నమ్ముకుంటే పిల్ల నక్షత్రమే మారిపోతది."

పదిహేను కొట్టేసి పది అని రాశాను. అంతవరకు మేము మామూలు మనుషులమే.

కాసేపటికి సిస్టర్ బిడ్డను తెచ్చింది. అందరూ తెచ్చినట్టు వెల్లకిలా, గుడ్డలో చుట్టి తేలేదు. తన ముంజేయి మీద బోర్ల పడుకోబెట్టి తెచ్చింది. పిల్ల నడుము కింద తడిగుడ్డ, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం. వెనకే వచ్చిన పిల్లల డాక్టరు చిన్నవాడు, నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడే ఉంటుంది. ఆ గుడ్డ కొంచెం ఎత్తి చూపించాడు. సన్నటి పొర కింద నిమ్మకాయంత బుడగ. గోడ పట్టుకున్నాను.

"వెన్నెముక అక్కడ మూసుకోలేదమ్మా. నరాలు బయటికి వచ్చినయ్. స్పైనా బిఫిడా అంటరు. రెండు రోజుల లోపల మూసెయ్యాలె. ఇప్పటి నుంచి కాదు, పుట్టిన టైం నుంచి లెక్క. దాటితే క్రిములు చేరతయ్, మెదడుకు పోతయ్, ప్రాణం మీదికి వస్తది. ఉన్న కాళ్ల బలం గూడ పోవచ్చు. పట్నం పిల్లల దవాఖానకు రాసిస్తున్న, ఇప్పుడే పోవాలె."

"కాళ్లు?" అన్నాను.

అతను వేలితో పాదం కింద గీరాడు. ఎడమ కాలి వేళ్లు విచ్చుకున్నాయి. కుడి పాదం కొంచెం ఆలోచించుకుని, బొటనవేలు ఒక్కటి కదిలించింది. నాకు ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి వచ్చాయి.

చెల్లెలిని బయటికి తెచ్చాక చెప్పక తప్పలేదు. నేను చెప్పలేకపోయాను. అమ్మే మంచం పక్కన కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెల్లెలు కళ్లు మూసుకుని, "నేనేం తప్పు జేసిన్నే అమ్మా" అంది. అమ్మ ఆమె నుదుటి మీద చెయ్యి వేసి నిమిరింది. తరువాత అన్నది ఇది:

"తప్పు లేదు, ఏం లేదు. అందరి పిల్లలు ఐదో నెలల బోర్ల పడతరు. నీ బిడ్డ పుట్టుడు పుట్టుడే బోర్ల పడ్డది. నా ఫికరంత ఒక్కటే, గీ దవాఖానల భక్షాలు ఎట్ల చెయ్యాలె?"

మా దగ్గర పిల్ల బోర్ల పడిన రోజు భక్షాలు చేసి వాడకట్టంతా పంచుతారు. పూర్ణం పెట్టి చేసేవే, కొందరు బొబ్బట్లంటారు. అడుగులేస్తే అరిసెలు. ఏ ఇంట్లోనూ ఈ ఆనవాయితీ తప్పరు. చెల్లెలు ఏడుస్తూనే నవ్వింది, నవ్వి పొట్ట పట్టుకుంది. "నవ్వియ్యకే, కుట్లు గుంజుతున్నయ్" అంది. ఆ నవ్వు చూసుకునే నేను అంబులెన్సు ఎక్కాను.

దారి పొడవునా పిల్ల బోర్లనే. పక్కనున్న సిస్టరు గంట గంటకూ గుడ్డ తడుపుతూ, "వెల్లకిల మాత్రం పండవెట్టొద్దు, మర్చిపోకుండ్రి" అని పదిసార్లు చెప్పింది. నేను పదకొండోసారి నాకు నేనే చెప్పుకున్నాను. జడ్చర్ల దాటే వరకు ఓపిక పట్టాను. షాద్‌నగర్ దగ్గర లారీ అడ్డం వస్తే నా వల్ల కాలేదు, డ్రైవరును కసిరాను. అతను అద్దంలోంచి నన్ను చూసి నెమ్మదిగా, "మేడం, మీరు నడుపుతరా, నేను పిల్లను పట్టుకుంట" అన్నాడు. నేను పిల్ల వైపు తిరిగాను. ఆ మనిషి మమ్మల్ని మధ్యాహ్నం భోజనాల వేళకల్లా పట్నంలో దింపాడు.

అక్కడ పిల్లను చూసిన సర్జనమ్మ కోస్తా వైపు మనిషి. చిన్నగా, చురుగ్గా ఉంది. మొదటి ప్రశ్నే అడిగింది. "పాప పుట్టిన టైమెంతండీ?"

అరచెయ్యి చాపి చూపించాను. చెమటకు సగం చెరిగిపోయింది కానీ ఆరూ పది కనబడుతూనే ఉంది.

"ఇంత కచ్చితంగానా? మామూలుగా అందరూ పొద్దున పుట్టిందండీ అంటారు, నేను కాగితాల్లో వెతుక్కోవాలి."

"మా అమ్మ రాయించింది. పంచాంగానికి."

"ఆవిడకి నా తరఫున దండం పెట్టండి" అంది. పిల్లను చూస్తూనే నాకు అర్థమయ్యేలా చెప్పింది. కడుపులో మొదటి నెలలోనే వెన్ను మూసుకోవాలట, చొక్కాకు గుండీలు పెట్టుకున్నట్టు. ఒక గుండీ దగ్గర మరిచిపోతే ఇట్లా అవుతుందట. పోయిన నరాలను ఆపరేషను తిరిగి తేలేదు. ఉన్నవాటిని కాపాడుతుంది, జబ్బు పడకుండా చూస్తుంది. అందుకే తొందర. "తల్లి తప్పేమీ లేదని ఆమెకి ముందు చెప్పండి" అని కూడా అంది. ఇంకోసారి బిడ్డ కావాలనుకుంటే నెల తప్పకముందే ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టాలని ఒక చీటీ మీద రాసిచ్చింది. తొలి బిడ్డ ఇంకా గట్టెక్కలేదు, ఈమె రెండో బిడ్డ గురించి మాట్లాడుతోందే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాటతోనే నాకు ధైర్యం వచ్చింది.

"రేపు పొద్దున తొమ్మిదింటికి మొదటి ఆపరేషను పాపదే. ఐదింటికి రేపటి లిస్టు కిందికి పంపేస్తాను. ఆలోపు తండ్రి సంతకం కావాలి. ఎల్లుండి థియేటరు మాది కాదు. రేపు తప్పితే మీ చేతిలో రాసుకున్న టైము దాటిపోతుంది."

మరిది అప్పటికే చౌటుప్పల్ నుంచి ఫ్యాక్టరీ బట్టలతోనే వచ్చేశాడు. పిల్లను దూరం నుంచి చూశాడు, దగ్గరికి పోవడానికి భయపడ్డాడు. నేను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చిన్న వేలు ఒకటి అతని వేలికి అందించాను. పిల్ల గట్టిగా పట్టుకుంది. అతను కదలకుండా నిలబడిపోయాడు.

సంతకం కాగితం అతని చేతిలో పెట్టి, రక్తం ఇవ్వడానికి నేను పక్క బిల్డింగుకు పోయాను. ఆపరేషనుకు రక్తం సిద్ధంగా ఉండాలన్నారు. అక్కడ లైను, ఫారాలు, వేలిలో సూది, అన్నీ అయ్యేసరికి గంటన్నర పట్టింది. తిరిగొచ్చి చూస్తే మరిది బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కాగితం. పెన్నుకు మూత పెట్టి జేబుకు తగిలించుకున్నాడు.

"పెట్టినవా సంతకం?"

"లేదు వదినె. అత్తమ్మ వద్దన్నది."

నాకు సరిగా వినబడలేదేమో అనుకున్నాను.

"పెట్టేముందు ఒక మాట చెబుదమని ఫోన్ జేసిన. బిడ్డకు రేపు ఆపరేషన్ జేస్తరంట అత్తమ్మా, సంతకం అడుగుతున్నరు అన్న. అంతే, గయ్యిమన్నది. నా బిడ్డ మీద కత్తి పెట్టనియ్య, సంతకం పెట్టినవంటే నా మీద ఒట్టు అని ఫోన్ పెట్టేసింది. డాక్టరమ్మకు గూడ చెప్పిన, మావాళ్లు ఒప్పుకుంటలేరని."

గడియారం చూసుకున్నాను. నాలుగూ నలభై. రక్తం ఇచ్చినందుకు కళ్లు తిరగాలి కానీ కోపానికి తిరగలేదు. ఏ సామెత పట్టుకుని వేలాడుతోందో మా అమ్మ అనుకున్నాను. నిదానమే ప్రధానం, చిన్న పిల్ల, కాస్త పెద్దయ్యాక చేయిద్దాం, ఇదే అయి ఉంటుంది. ఫోన్ కలిపాను.

"ఆపరేషన్ ఎందుకు వద్దన్నవ్ అమ్మా?"

"వద్దంటే వద్దు. చిన్న పిల్ల. దానికి ఇంక ముందర ఎంతున్నదో."

"ముందర ఉండాలనే చేస్తున్నరు!"

"ఎవలు జెప్పిన్రు నీకు? ఇంత సదువుకున్నవ్, నీకు తెల్వది? మీ అవ్వ తొమ్మిదిమందిని కన్నది. ఏ ఇంట్ల అన్న మొదటి కాన్పుకే ఆపరేషన్ జేయిస్తరా?"

బోర్డు ముందు నిలబడి ఉండగా, లెక్కలో ఎక్కడ తప్పిందో ఒక్కసారి కనబడినట్టయింది.

"అమ్మా, ఎవలికి ఆపరేషన్ అనుకుంటున్నవ్ నువ్వు?"

"ఇంకెవలికి? బిడ్డకు. ఇగో, నా పక్కనే పండుకున్నది గదా."

"నీ బిడ్డకు కాదే అమ్మా. నీ బిడ్డ బిడ్డకు!"

వార్డు మొత్తం తిరిగి చూసింది.

తెలియనివాళ్లకు చెప్పాలి. మా దగ్గర బిడ్డ అంటే పసిపిల్లే కాదు, కూతురు కూడా. యాభై ఏళ్లొచ్చినా కూతురు బిడ్డే. సర్జనమ్మ పాప అంటే, మా ఇళ్లలో పలకని మాట కనుక మరిది దాన్ని బిడ్డ చేశాడు. ఇక కాన్పుల వార్డులో మా ఆడవాళ్లకు ఆపరేషన్ అంటే ఒకటే అర్థం, పిల్లలు పుట్టకుండా చేసేది. కోసి బిడ్డను తీస్తే దాన్ని పెద్దాపరేషన్ అంటారు, ఉట్టి ఆపరేషన్ అంటే మాత్రం పిల్లలు పుట్టకుండా చేసేదే. పైగా ఆ పొద్దునే ఒక సిస్టరు మంచం మంచం తిరుగుతూ "ఆపరేషన్ చేయించుకునేటోళ్లు ఎవరున్నరు?" అని అడిగి పోయిందట. మనుమరాలు ఇట్లా పుట్టిందని తన కూతురికి ఇక పిల్లలే వద్దని పట్నంలో నిర్ణయించేశారని మా అమ్మ అనుకుంది. పట్నంలో సంతకం పెడితే మహబూబ్‌నగర్‌లో ఎట్లా కోస్తారే అని తరువాత అడిగితే, "ఇప్పుడన్ని ఫోన్లల్లనే పంపుకుంటున్నరు గదా, నాకేం తెలుసు" అంది.

ఫోన్‌లో మంచం కిర్రుమన్న చప్పుడు వచ్చింది, అమ్మ లేచి కూర్చున్నట్టుంది.

"గా ముక్క గాయిన చెప్పద్దా?" అంది. "టైం ఎంతైంది?"

"పావు తక్కువ ఐదు."

"నీ గడియారంలనా?"

"ఆఁ."

"అయితే ఇంక ఐదు నిమిషాలు ఎక్కువనే ఉన్నయ్. ఉరుకు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టమన్ననని చెప్పు అల్లునికి."

మరిది చొక్కా పట్టుకుని లాక్కుపోయాను. మెట్ల మీద చెప్పులు జారిపోతే చేతిలో పట్టుకుని ఎక్కాడు. సర్జనమ్మ లిస్టు మడిచి చేతిలో పట్టుకుని గదిలోంచి బయటికి వస్తోంది. మమ్మల్ని, ఆ చెప్పులను చూసి ఆగింది. రొప్పుతూ రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వింది. నవ్వుతూనే లిస్టు విప్పి, కొట్టేసిన పేరును మళ్లీ పైన రాసింది. మరిది తొందరలో పెట్టిన సంతకం గీత దాటి కింది దాకా పోయింది. "పర్లేదు, చెల్లుతుంది" అందామె.

మర్నాడు తొమ్మిదింటికి తీసుకుపోయారు. పుట్టి ఇరవై ఏడు గంటలు. తలుపు ముందు మరిది రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. నేను గడియారం విప్పి సంచిలో వేశాను. జీవితంలో మొదటిసారి టైం చూడాలంటే భయమేసింది. పన్నెండు దాటాక సర్జనమ్మ బయటికి వచ్చింది.

"మూసేశామండీ. శుభ్రంగా మూసుకుంది."

"కాళ్లు?" అన్నాడు మరిది. అది అతను తనంతట తానుగా అడిగిన మొదటి ప్రశ్న.

"నిన్న కదిపినట్టే కదుపుతోంది. ఎడమ కాలు బాగుంది, కుడి పాదంలో బలం తక్కువ. నడక గురించి ఇప్పుడు నేను మాట ఇవ్వలేను. తలలో నీరు చేరకుండా చూసుకోవాలి, మూత్రం సంగతి చూసుకోవాలి. చాలా ఏళ్లు మీరూ నేనూ కలుస్తూనే ఉంటాం." ఆగి, "కానీ వేళకి తెచ్చారు" అంది.

మరిది అక్కడే నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది. అమ్మకు ఫోన్ చేస్తే అంతా విని ఒకటే అడిగింది.

"ఇప్పుడు గూడ బోర్లనేనా?"

"రెండు వారాలు బోర్లనే."

"మంచిగ అలవాటైతది తియ్యి" అంది.

అలవాటు కాస్త ఎక్కువే అయింది. ఐదో రోజు చెల్లెలు వచ్చి, బిడ్డ వీపు మీద చెయ్యి పెట్టకుండా ఎట్లా ఎత్తుకోవాలో నేర్చుకుని, పాలిచ్చింది. మూడు వారాలకు పిల్లను కోస్గికి తెచ్చుకున్నాం. గాయం మానింది, ఇక వెల్లకిలా పడుకోబెట్టవచ్చు అన్నారు. అది పడుకుంటే కదా. వెల్లకిలా వేస్తే చాలు, ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడ్చేది. బోర్ల తిప్పగానే గప్‌చుప్. ఉయ్యాల తొట్టెలో వేసిన రోజు వచ్చిన ముత్తయిదువలందరూ పిల్ల ముఖం చూద్దామని వంగి, వీపు చూసి పోయారు. "ఈమె అందం ముఖంల లేదు, ఈపుల ఉన్నది, చూసి పోండ్రి" అంటూ అమ్మ ఆ గాయపు గీతను అందరికీ చూపించింది. దాచిపెట్టాలని ఎవరో అనబోతే, "దాచుడెందుకు, దొంగతనం జేసిందా" అంది. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు, అమ్మమ్మ కాకికి ఇంకా ముద్దు.

తల కొలిచే పని నాది. మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటామె జాకెట్లు కుడుతుంది. ఆమె దగ్గర కొత్త టేపు అడిగి తెచ్చుకుని, ప్రతి ఆదివారం తల చుట్టుకొలత తీసి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టాను. గీత ఉన్నట్టుండి పైకి లేస్తే తలలో నీరు చేరుతున్నట్టు. అది లేవలేదు, బుద్ధిగా నడిచింది. నేను చూపించిన గ్రాఫు చూసి సర్జనమ్మ, "ఇంత చక్కటి కాగితం నా దగ్గరికెప్పుడూ రాలేదు" అంది. పదో తరగతి పరీక్షల్లో మా బడి పిల్లలందరూ పాసైనప్పుడు కూడా నేను అంత పొంగిపోలేదు.

ఇక మిగిలింది భక్షాల సంగతి. పిల్ల పుట్టుడే బోర్ల పడింది కదా, మరి ఇప్పుడు ఏది లెక్క అని ఇంట్లో పెద్ద చర్చ. అమ్మ తీర్పు చెప్పింది. "గీ పిల్ల లెక్క ఉల్టా. తనంత తాను వెల్లకిల పడితే చేస్త."

ఐదో నెల దాటాక, బడికి సెలవు రోజున, నేను కాపీలు దిద్దుతుంటే చాప మీద పిల్ల ఒక చెయ్యి కిందికి మడుచుకుని, తల అటు వేసి, ఒక్క ఊపుతో తిరిగిపోయింది. పైన తిరుగుతున్న ఫ్యాను కనబడింది. ఇన్నాళ్లూ ఇది నాకు ఎందుకు చూపించలేదన్నట్టు నోరు తెరిచి చూసింది. తరువాత గట్టిగా నవ్వింది. నా అరుపుకు అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. ఆ మధ్యాహ్నమే శనగపప్పు ఉడికింది. ఖాలాకు మొదటి విస్తరి పట్టుకుపోతే, "ఈరోజు ఏం పండుగ?" అంది. "మా పిల్ల వెల్లకిల పడ్డది" అన్నాను. ఆమె టేపు మెడలో వేసుకునే వచ్చి పిల్లను ముద్దు పెట్టుకుని పోయింది. మరుసటి వారం సర్జనమ్మకూ ఒక డబ్బా. "బొబ్బట్లా!" అంది. "భక్షాలు" అంది అమ్మ. "ఏదైతేనేం, అరిసెలు కూడా నాకే ముందు రావాలి" అందామె. అమ్మ ఆ మాటను మనసులో రాసుకుంది.

అరిసెలకు మాత్రం చాలా కాలం పట్టింది. పిల్ల కోసం చెల్లెలు కోస్గిలోనే ఉండిపోయింది, మరిది సెలవు దొరికినప్పుడల్లా వచ్చి పోయేవాడు. పిల్ల పాకింది, చేతుల మీద బలం వేసి కాళ్లను లాక్కుంటూ. గోడ పట్టుకుని నిలబడింది. కుడి పాదం పక్కకు ఒరిగిపోయేది. కాళ్లకు పట్టీలు చేయించారు, వెండివి కావు, పాదం ఒరగకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్‌వి, మోకాళ్ల కింది దాకా, లోపల గులాబీ రంగు బట్ట వేసి. నాలుగు గంటలకోసారి చిన్న గొట్టంతో మూత్రం తీయడం చెల్లెలు నేర్చుకుంది. నా గడియారంలో అలారం మోగితే పిల్లే "పెద్దమ్మా, టైమ్" అనేది. రెండేళ్లు నిండాయి, రెండున్నర దాటింది. నడక నేర్పే చిన్న చేతిబండి పట్టుకుని నిలబడేది, అడుగు మాత్రం వెయ్యదు. రాత్రిళ్లు చెల్లెలు తుడిచిన పట్టీలనే మళ్లీ మళ్లీ తుడుస్తుంటే మాకందరికీ తెలిసేది, ఏమాలోచిస్తోందో.

ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా బెల్లం పాకం వాసన. అమ్మ అరిసెలు వత్తుతోంది. నాకు ఒళ్లు మండింది.

"ఏందమ్మా ఇది? పిల్ల ఇంక అడుగెయ్యలేదు గదా. చెల్లె చూస్తే ఏమనుకుంటది?"

"ఆలస్యం అమృతం విషం అని నువ్వే గదా అంటవ్" అంది అమ్మ, తల ఎత్తకుండా. "గీ పిల్ల లెక్క ఉల్టా అని చెప్పిన. మస్తు దినాలు జూసిన. ముందర అరిసెలు, ఎనుక అడుగులు."

నా సామెతే తిరిగొచ్చి నాకు తగిలింది. అమ్మ ఒక వేడి అరిసెను పళ్లెంలో పెట్టి, పళ్లాన్ని అర్రకు ఆ చివర ఎత్తుపీట మీద పెట్టింది. పిల్లను ఈ చివర చేతిబండి పట్టించి నిలబెట్టింది. చెల్లెలు గడప దగ్గరకు వచ్చి నిలబడి, వద్దని చెయ్యి ఊపబోయి ఆగిపోయింది.

పిల్ల అరిసెను చూసింది. అమ్మమ్మను చూసింది. "తెచ్చియ్యి" అంది.

"నాకు మోకాళ్లు నొస్తున్నయ్ బిడ్డా, నువ్వే పోయి తెచ్చుకో."

పిల్ల మూతి ముడిచింది. బండిని ముందుకు తోసింది. ఎడమ పట్టీ నేల మీద టక్కుమంది. ఆ తరువాత కుడి కాలు, నడుము దగ్గర్నుంచి ఎత్తి, విసిరినట్టుగా ముందుకు. టక్. మళ్లీ ఎడమ. ఏడు అడుగులు. నేను లెక్కపెట్టాను, లెక్కల టీచరును కదా. ఎత్తుపీటను బండి గుద్దుకుంది. పిల్ల అరిసె తీసుకుని కొరికి, నోటి నిండా పెట్టుకుని, మా వంక తిరిగి, "నేనే తెచ్చుకున్న" అంది.

చెల్లెలు గడపలోనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు మహబూబ్‌నగర్‌లో లాగే, ఏడుస్తూ నవ్వుతోంది. ఈసారి గుంజడానికి కుట్లు లేవు.

"టైం రాసుకో" అంది అమ్మ.

చుట్టూ కాగితం కోసం చూశాను. పక్కనే కాపీల కట్ట ఉంది, అయినా అరచెయ్యి చాపి అందులోనే రాసుకున్నాను. ఐదూ ఇరవై.

"నీ గడియారంలనా?" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "ఐదు నిమిషాలు తీసెయ్యి మరి."

"తియ్యనే అమ్మా" అన్నాను. "ఉండనీ. మా పిల్ల ఐదు నిమిషాలు ముందే నడిచింది."